పదహారు వన్నెల కేక

అనగా అనగా, మీ తాతకి తాత ఇంకా పాలపళ్ళతో ఉన్న రోజుల్లో, సముద్రపుటొడ్డున పగడాలరేవు అని ఒక పట్నం ఉండేది. ఆ పట్నాన్ని ప్రతాపభూపతి అనే రాజు ఏలేవాడు. ఏలేవాడు అన్నాను గానీ బాగా ఏలేవాడు అన్నానా? అనలేదు.

ఆ పట్నానికి ఒక ఆచారం ఉంది. ప్రతి నెలా పౌర్ణమి మర్నాడు బజారు నడుమ రాతి అరుగు మీద షరాబు కూర్చునేవాడు. షరాబంటే బంగారం మంచీచెడూ తేల్చేవాడు, పిల్లలూ. రాజుగారి టంకశాల నుంచి వచ్చిన కొత్త వరహా ఒకటి తీసి, నల్లటి గీటురాయి మీద రుద్దేవాడు. ఆ గీత రంగు చూసి, "పదహారు వన్నెలు!" అని కేక పెట్టేవాడు. పదహారంటే మేలిమి బంగారం. ఆ కేక వినపడితే చాలు, ఊరంతా ధైర్యంగా బేరాలు మొదలుపెట్టేది.

మరి ఒక్కరైనా అరుగెక్కి ఆ గీత వంక చూసేవాళ్ళా? అబ్బే! చెవులున్నాయి కదా, ఇంక కళ్ళెందుకు అనుకునేవాళ్ళు. అదే ఆ ఊరు చేసిన పొరపాటు.

షరాబు పేరు కొండయ్య. ఒక నెల కొండయ్య వరహా రుద్దాడు. గీత మెరుపు తగ్గి కనిపించింది. మళ్ళీ రుద్దాడు. మళ్ళీ అంతే. కొండయ్యకి దాచడం తెలియదు. "పధ్నాలుగు!" అని కేక పెట్టాడు.

ఆ సాయంత్రమే ఇద్దరు భటులు వచ్చి, రాజుగారు రమ్మన్నారంటూ కొండయ్యని పడవెక్కించారు. కాసేపటికి పడవ తిరిగొచ్చింది. కొండయ్య రాలేదు. అతనికి చూపు మందగించి తప్పు చెప్పాడని రాజు చాటింపు వేయిస్తే, ఊరు అదీ నమ్మింది.

కొండయ్య భార్య అచ్చమ్మ తొమ్మిది రోజులు ఒడ్డునే కూర్చుంది. పదో రోజున రాజే పల్లకీలో ఆమె ఇంటికి వచ్చాడు.

"అచ్చమ్మా, మీ మామగారు నీకూ ఈ పని నేర్పారటగా. వచ్చే నెల నుంచి కేక నువ్వే పెట్టాలి."

"చిత్తం ప్రభూ. ఎన్ని వన్నెలుంటే అన్ని..."

"ఎన్నున్నా పదహారే," అన్నాడు రాజు.

గుమ్మంలో అచ్చమ్మ కూతురు చిట్టెమ్మ గవ్వలాడుకుంటోంది. ఐదేళ్ళ పిల్ల. రాజు వంగి దాని తల నిమిరాడు. "చక్కని పిల్ల. దీనికి పడవ షికారంటే ఇష్టమేనా?" అని అడిగాడు.

అచ్చమ్మ చటుక్కున పిల్లని దగ్గరికి లాక్కుంది. రాజు నవ్వుకుంటూ పల్లకీ ఎక్కాడు.

మరుసటి నెల అచ్చమ్మ అరుగు మీద కూర్చుంది. వరహా రుద్దింది. చూస్తే పధ్నాలుగే. కళ్ళు మూసుకుంది. "పదహారు!" అంది. ఊరు నమ్మింది. పై ఏడు పన్నెండుకి దిగింది. ఆమె పదహారే అంది. రాజు బంగారం తీసేసి రాగి కలుపుతున్న కొద్దీ ఆమె కేక మాత్రం గట్టిగా వినిపించేది. లోపల ప్రాణం బిక్కుబిక్కుమంటూ ఉంటే గొంతు పెరగడం సహజమే, పాపం.

ఇలా మూడేళ్ళు గడిచాయి.

అప్పుడు ఆ పట్నంలోకి నాగలింగ శెట్టి వచ్చాడు. అమ్మో, నాగలింగ శెట్టి! నూరు రేవుల్లో గిడ్డంగులు, నూటొక్క రేవుల్లో శత్రువులు ఉన్న మనిషి. చిన్నతనంలో ఎవడో రాజు అతని ఊరు తగలబెడితే, కట్టుబట్టలతో పడవలో పారిపోయి బతికాడట. కోట్లు ఎలా గడించాడయ్యా అంటే, రాజులు దాచిపెట్టింది ముందుగా పసిగట్టి గడించాడు.

ఆ నెల పౌర్ణమి మర్నాడు అచ్చమ్మ, "పదహారు!" అని కేక పెట్టింది. జనం ఎప్పటిలాగే తల ఊపి వెళ్ళిపోయారు. ఒక్క మనిషి మాత్రం మెల్లగా అరుగెక్కాడు. నడుం వంచి రాయి మీద గీతని చూశాడు. తలెత్తి అచ్చమ్మ మొహం చూశాడు. దిగి వెళ్ళిపోయాడు.

శెట్టికి తెలిసిపోయింది! అచ్చమ్మ గబగబా చీర చెంగుతో రాయి తుడిచేసింది. ఇవాళ చెబుతాడు, రేపు చెబుతాడు అని ఆమె రోజుకి పదిసార్లు చచ్చి బతికింది. శెట్టి ఎవరికీ చెప్పలేదు. మరేం చేశాడు? దొరికిన చోటల్లా వరహాలు అప్పు తెచ్చాడు. ఆ వరహాలతో బియ్యం, ఉప్పు, నూలు బట్ట కొని గిడ్డంగులు నింపాడు. అంతే.

రెండు నెలలకి ఒక పరదేశపు ఓడవాడు సంచెడు వరహాలు కరిగించి చూశాడు. సగం రాగి తేలింది. ఆ కబురు రేవంతా పాకింది. దొంగ వరహాలు ఎవరో రేవులోకి తెచ్చారనుకున్నారే గానీ, అచ్చమ్మ కేకని ఎవరూ అనుమానించలేదు. బస్తా బియ్యం కొన్న వరహాకి ఇప్పుడు దోసెడు బియ్యం కూడా రాలేదు. శెట్టి తాను తెచ్చిన అప్పంతా ఆ పనికిమాలిన వరహాలతోనే తీర్చేశాడు. సరుకు మాత్రం అతనికి మిగిలింది. మోసం చేశాడందామా, చేయలేదు. న్యాయం చేశాడందామా, అదీ నోరు రాదు.

అచ్చమ్మ పక్కింట్లో ఉప్పమ్ముకునే నూకమ్మ ఉండేది. మొగుడు ఇతరుల పడవలో కూలికి వెళ్తాడు గనక, సొంత పడవ కొనాలని ఇరవై ఏళ్ళు కడుపు కట్టుకుని వరహాలు కూడబెట్టింది. కుండ చంకన పెట్టుకుని పడవ కొనడానికి వెళ్ళింది. రెండు తెడ్లు కొనుక్కుని తిరిగొచ్చింది.

"వాడి కడుపు కాల! ఆ శెట్టిగాడు నా పడవ మింగేశాడు వదినా!" అని అచ్చమ్మ ఒళ్ళో పడి ఏడ్చింది.

అచ్చమ్మ ఆమె వీపు నిమిరింది. ఆ పడవ మింగింది తన నోరేనని ఆమెకి తెలుసు. చెబుదామంటే చిట్టెమ్మ కళ్ళముందు మెదిలింది.

ఇక వినండి చిత్రం. అంత గడించిన శెట్టి ఇవ్వడం మొదలుపెట్టాడు. ఊళ్ళో మూడు చోట్ల గంజి పోయించాడు. ఏడు బావులు తవ్వించాడు. రోగులకి వైద్యశాల కట్టించాడు. బడి పెట్టించి ఆడపిల్లలకీ అక్షరాలు చెప్పించాడు. ఆ బడిలో పంతుళ్ళు, "రాజునైనా సరే, ఎందుకు అని అడగొచ్చు," అని చెప్పేవాళ్ళు. ఆ పాఠం ప్రతాపభూపతికి మింగుడుపడలేదు.

ఊరు రెండుగా చీలింది. సగంమంది శెట్టిని దేవుడన్నారు. సగంమంది పీడ అన్నారు. రాజు మనుషులు ఆ మంటలో ఎండుపుల్లలు వేశారు. వానలు పడకపోతే శెట్టి మబ్బులు కొనేశాడన్నారు. మేక పాలివ్వకపోయినా శెట్టే, అత్తాకోడళ్ళు జుట్లు పట్టుకున్నా శెట్టే! అతను తవ్వించిన బావిలో నీళ్ళు తాగుతూనే అతన్ని తిట్టేవాళ్ళు. తిట్టి మళ్ళీ ఇంకో చేద తోడుకునేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం శెట్టి అచ్చమ్మ ఇంటికి వచ్చాడు. సన్నటి మనిషి, మెత్తటి మాట. అచ్చమ్మ పీట వేసింది. శెట్టి కూర్చోలేదు.

"అమ్మా, రాజు భయపడ్డాడు. ఈసారి పధ్నాలుగు వన్నెల వరహా కొట్టించాడు. ఉన్నదున్నట్టు చెప్పమన్నాడు కదూ?"

"అవును శెట్టిగారూ. ఇన్నాళ్ళకి నిజం చెప్పే భాగ్యం కలిగింది."

"వద్దు. ఎనిమిది అను."

అచ్చమ్మ ఉలిక్కిపడింది. "అబద్ధమా!"

"మూడేళ్ళుగా చెప్పలేదా ఏం? ఈ ఒక్కటీ చెప్పు. ఆ వరహా మళ్ళీ లేవదు. రాజు కూలిపోతాడు. నీ మొగుణ్ణి మింగినవాడమ్మా వాడు. ఊరికి మంచిదేగా?"

"ఊరికి మంచిదా, మీకా?"

"రెండూ ఒకటైతే తప్పేముంది?" అన్నాడు శెట్టి. తర్వాత ఇంకా మెత్తగా, "ఆ రోజు రాయి మీద నేను చూసింది ఊరికి చెప్పగలను. చెబితే ఈ జనం నిన్నూ, నీ పిల్లనీ ఏం చేస్తారో నీకు తెలుసు. నా ఓడ సిద్ధంగా ఉంది. కేక పెట్టగానే పిల్లతో వచ్చి ఎక్కు," అన్నాడు.

అటు రాజు, ఇటు శెట్టి. అచ్చమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు అరుగెక్కి వరహా రుద్దింది. పధ్నాలుగు కళ్ళెదుట కనబడుతుండగా, "ఎనిమిది!" అని కేక పెట్టింది.

ఒక్కసారిగా బజారు భగ్గుమంది. అంగళ్ళు మూతపడ్డాయి. మూయనివాటిని జనం దోచుకున్నారు. నూకమ్మ ఉప్పు బుట్టలు కాళ్ళ కింద పడి మట్టిలో కలిసిపోయాయి. అచ్చమ్మ ఆ తొక్కిడిలో కొంగు చిరిగినా ఆగకుండా ఇంటికి పరుగెత్తింది. తలుపు తెరిచే ఉంది. గవ్వలు చెల్లాచెదురుగా పడున్నాయి. చిట్టెమ్మ లేదు.

"చిట్టీ! ఓ చిట్టీ!" అని వీధి వీధీ తిరిగింది. ఆమె కేక మూడేళ్ళుగా నమ్మిన ఊళ్ళో ఆ రోజు ఎవరూ పలకలేదు.

పిల్లని రాజు భటులు కోటకి ఎత్తుకుపోయారు. శెట్టినీ ఓడ ఎక్కబోతుండగా పట్టుకున్నారు. రాజు అచ్చమ్మని పిలిపించాడు. ఈసారి నవ్వలేదు.

"నువ్వు అమ్ముడుపోయావు. సరే, క్షమిస్తాను. వచ్చే పౌర్ణమి మర్నాడు బజార్లో వాడి తీర్పు. వాడు వైద్యశాలకి ఇచ్చిన బంగారం పెట్టె తెప్పిస్తాను. రుద్ది, 'నాలుగు' అని చెప్పు. దానం పేరుతో ఇత్తడి ఇచ్చాడని తెలిస్తే నేను చెయ్యి చేసుకోనక్కర్లేదు, జనమే వాణ్ణి సముద్రంలోకి తోస్తారు. నీ పిల్ల నీ ఇంటికి వస్తుంది. పదహారని అన్నావో..." అని కిటికీలోంచి సముద్రాన్ని చూపించాడు.

ఆ నెల రోజులూ అచ్చమ్మ ఎలా బతికిందో చెప్పడం నా వల్ల కాదు. చిట్టెమ్మ పావడా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. నాలుగు అనాలి, అంటే పిల్ల వస్తుంది అనుకునేది. ఆ మాట వెనకే ఇంకో మాట వచ్చేది. మొదటిసారి అబద్ధం చెప్పాను, పిల్ల దక్కుతుందని. రెండోసారీ పిల్ల కోసమే చెప్పాను, పిల్ల పోయింది. మూడోసారి చెబితే? రాజు గుట్టంతా తెలిసిన నన్ను ప్రాణాలతో ఉంచుతాడా? నన్ను ఉంచక, నాతో దాన్ని ఉంచుతాడా?

అప్పుడు ఆమెకి ఒక సంగతి తట్టింది. కొండయ్య చచ్చిపోయింది నిజం చెప్పినందుకు కాదు. ఆ నిజం ఊళ్ళో ఇంకెవ్వరూ చూడనందుకు. ఒక్కళ్ళనైతే పడవెక్కిస్తారు. ఊరందర్నీ ఎక్కించడానికి పడవలు చాలతాయా?

పౌర్ణమి మర్నాడు వచ్చింది. బజారంతా జనం. శెట్టిని సంకెళ్ళతో నిలబెట్టారు. అంతటివాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. రాజు ఎత్తైన ఆసనం మీద కూర్చున్నాడు. అచ్చమ్మ పెట్టెలోంచి బంగారు బిళ్ళ తీసి రాయి మీద రుద్దింది. గీత పసుపుపచ్చగా మెరిసింది.

ఈసారి కళ్ళు మూసుకోలేదు.

"పదహారు!" అంది.

జనం గొల్లుమన్నారు. "కొనేశాడు! దీన్నీ కొనేశాడు!" అని రాళ్ళు ఎత్తారు. రాజు మొహం జేవురించింది. "పట్టుకోండి దాన్ని!" అని అరిచాడు.

"ఆగండి! నా కేక నమ్మకండి!" అని అచ్చమ్మ ఉన్న గొంతంతా పెట్టి అరిచింది. "నేను అబద్ధాలకోరుని. మూడేళ్ళు రాగి చూసి పదహారన్నాను, రాజుగారి భయంతో. మొన్న పధ్నాలుగు చూసి ఎనిమిదన్నాను, శెట్టిగారి భయంతో. మీ కొంపలు ముంచింది నా నోరే. ఇక నా మాట వినకండి. రండి, రాయి చూడండి! మీ వరహాలు మీరే రుద్దుకోండి!"

బజారు బిత్తరపోయింది. ఏడ్చే పిల్లలు కూడా ఏడుపు ఆపేశారు.

మీసాల భటుడొకడు ఆమెని పట్టుకోవడానికి అరుగెక్కాడు. ఎక్కినవాడు రాయి వంక చూశాడు. ఆ గీత చూశాడు. వాడికీ పెళ్ళాం పిల్లలున్నారు, వాడికీ జీతం ఆ వరహాల్లోనే వస్తుంది. కత్తి మీంచి చెయ్యి తీసి, నడుముకి దోపుకున్న జీతపు వరహా బయటికి తీశాడు. వంగి రుద్దాడు.

గీత ఎర్రగా పడింది. చిన్న పిల్లాడికి కూడా తెలుస్తుంది అది రాగి అని.

"ఇదా నా జీతం!" అన్నాడు వాడు, రాజు వైపు తిరిగి.

రెండో భటుడు వచ్చి రుద్దాడు. మూడోవాడు వచ్చాడు. చేపలమ్మేవాళ్ళు, నేతగాళ్ళు, పడవ కూలీలు ఒకళ్ళ వెనక ఒకళ్ళు అరుగెక్కారు. రాయి నిండా ఎర్రటి గీతలు, వాటి మధ్య పచ్చటి గీత ఒక్కటే. ఎవరూ అరవలేదు. అందరూ చూస్తూ ఉంటే, ఆ చూపులకే రాజుకి చెమటలు పోశాయి. లేచి నిలబడ్డాడు. "భటులారా!" అన్నాడు. ఒక్కడూ కదల్లేదు. నిన్నటిదాకా ఊరిని వణికించిన మనిషి కిరీటం చేత్తో పట్టుకుని వెనక సందులోంచి పడవ రేవుకి పరుగు తీశాడు. మళ్ళీ కనపడలేదు.

నూకమ్మ అరుగెక్కింది. అచ్చమ్మ ఎదురుగా నిలబడింది.

"నా ఇరవై ఏళ్ళు మింగింది నువ్వా వదినా? నీ ఒళ్ళోనే పడి ఏడ్చానే!"

"నేనే నూకమ్మా," అంది అచ్చమ్మ. తల దించుకుంది, కొడితే కొట్టనీ అనుకుంది.

నూకమ్మ కొట్టలేదు. కాండ్రించి ఉమ్మింది. దిగి గబగబా కోట వైపు నడిచింది. కాసేపటికి చిట్టెమ్మని చెయ్యి పట్టుకుని తెచ్చి అరుగెక్కించింది. "పసిదేం చేసింది? తీసుకో," అంది. ఆ తర్వాత చాలా ఏళ్ళు అచ్చమ్మతో మాట్లాడలేదు.

అచ్చమ్మ పిల్లని గుండెకి హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆమెని ఎవరూ ఓదార్చలేదు, ఎవరూ రాయి విసరలేదు.

ఇంతలో జనంలోంచి ఒక ముసలాయన, "బంగారం సంగతి సరేనమ్మా. మరి ఈ శెట్టి ఎన్ని వన్నెలు? దేవుడా, పీడా? అదీ తేల్చు," అన్నాడు.

అందరూ శెట్టి వంక చూశారు. రాజులు బెదిరించినా బెదరని శెట్టి, ఆ ఆడమనిషి ఏమంటుందో అని వణుకుతూ నిలబడ్డాడు.

"మనిషిని రుద్ది చూసే రాయి నా దగ్గర లేదు తాతా," అంది అచ్చమ్మ. "ఆయన తవ్వించిన బావి నీళ్ళు తియ్యగా ఉన్నాయి. మీరూ తాగారు, నేనూ తాగాను. అది నిజం. ఆయన రాగి చూసి కూడా నోరు మూసుకుని కోట్లు గడించాడు. నూకమ్మ పడవ పోయింది. అదీ నిజం. మబ్బులు కొన్నాడనీ, మేకపాలు ఎండగొట్టాడనీ అన్నది మాత్రం అబద్ధం. నూతి నీళ్ళతో పడవ పోయిన సంగతి కడిగేయలేం. పడవ పోయిందని నూతిలో విషముందనీ అనలేం. చూసింది చూసినట్టు చెప్పడమే నా పని."

శెట్టికి సంకెళ్ళు విప్పారు. "అమ్మా, చిన్నప్పుడు మా నాన్న రాజుకి ఎదురుగా నిజం చెప్పాడు. మా ఊరు తగలబడింది. అప్పటి నుంచి నిజం తెలిసినా బయటపెట్టను. దాచుకుని, దాంతో డబ్బు చేసుకుంటాను. డబ్బుంటే భయం ఉండదనుకున్నాను," అన్నాడు.

"ఉందా, లేదా?" అని అడిగింది అచ్చమ్మ.

శెట్టి నడుముకున్న గిడ్డంగుల తాళాలు తీసి, అరుగు మీద పెట్టి, ఓడ ఎక్కి వెళ్ళిపోయాడు. రేవులో కొందరు దణ్ణం పెట్టారు, కొందరు దుమ్మెత్తి పోశారు. ఆ బియ్యంతో ఊరు ఆ ఏడు గడిచింది. పోయిన పడవలన్నీ మాత్రం తిరిగి రాలేదు.

అచ్చమ్మ మళ్ళీ కేక పెట్టలేదు. ఊరూ పెట్టనివ్వలేదు, తనూ పెట్టననేసింది. పౌర్ణమి మర్నాడు రాయి కడిగి అరుగు మీద పెట్టేది. జనం వరసగా వచ్చి ఎవరి వరహా వాళ్ళు రుద్ది, ఎవరి కళ్ళతో వాళ్ళు చూసుకునేవాళ్ళు.

కాబట్టి పిల్లలూ, భయపడి చెప్పిన అబద్ధం మనల్ని కాపాడదు, భయపెట్టినవాడినే కాపాడుతుంది. అందుకే ఎదుట ఉన్నది రాజైనా, దాతైనా, చూసింది చూసినట్టు అందరి ముందూ చెప్పాలి.